రుద్రమ పెనిమిటి

జైపాల్ చేసిన వీడియో మూడు నిమిషాలే. ఊరూరా ఫోన్లలో చూస్తున్న సిరీస్‌లోని ఎస్సై నాంచారి ఈ కాలపు రాణి రుద్రమ అని అందులో తేల్చేశాడు. కోరుట్ల వాడు, జగిత్యాల కోచింగ్ సెంటర్‌లో హిస్టరీ చెప్పేవాడు. తేల్చే హక్కు తనదేననుకున్నాడు.

కింద సిరిసిల్ల నుంచి క్రాంతి అనే పేరుతో కామెంటు పడింది.

"సార్, నాంచారి ఆఖరి ఎపిసోడ్‌ల పెండ్లి కోసం టోపీ తీసి టేబుల్ మీద పెట్టింది. రుద్రమ పెండ్లయినంకనే గద్దె ఎక్కింది. గిదెట్ల సమానం?"

"క్రాంతన్నా, పైపైన కాదు, లోతు చూడాలె."

"లోతు చూసినంకనే అడుగుతున్న."

రెండు నెలలు వాదించుకున్నారు. ముఖాముఖి తేల్చుకుందామని ఒక ఆదివారం జైపాల్ వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాడు. షెడ్డు ముందు నిలబడి, "క్రాంతన్న ఉన్నడా?" అని అరిచాడు. లోపల మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచెలు, ఆ చప్పుడులో అరవక తప్పదు.

గడపలో కూర్చున్న ముసలాయన దగ్గుతూనే నవ్వాడు. "బిడ్డా! నిన్ను అన్న చేసిన సారచ్చిండు!"

నాలుగు సాంచెల నడుమ నుంచి, జడ నిండా నూలు నుసితో ఒక అమ్మాయి వచ్చింది. జైపాల్ అలవాటుగా "క్రాంతన్నా" అని నాలుక కరుచుకున్నాడు.

"అన్ననే అనుండ్రి సార్, నాకేం ఫికర్ లేదు. రుద్రమను శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అనలేదా?"

తండ్రి గంగయ్యకు దమ్ము జబ్బు పట్టినప్పటి నుంచి సాంచెలు నడిపేది ఆమే. ఆ తర్వాత ప్రతి ఆదివారం జైపాల్‌కు సిరిసిల్లలో తీరాల్సిన చారిత్రక సందేహం ఏదో ఒకటి వచ్చేది. ఒక రోజు వానకు కరెంటు పోయి సాంచెలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అసలు మాట బయటపెట్టాడు.

"క్రాంతీ, నన్ను చేసుకుంటవా?"

ఆమె తెగిన పోగులు వెతుకుతూనే ఉంది. "మీ అమ్మ ఏమన్నది?"

"సరేనన్నది. కాకపోతే సాంచెలు అమ్మేసి కోరుట్లకు రావాల్నంటది."

"నువ్వేమంటవు?"

"కొన్ని దినాలు పోతే అమ్మనే మెత్తవడ్తది..."

"నేను మీ అమ్మ సంగతి అడుగుతలేను. రుద్రమ పెనిమిటి పేరేంది సార్?"

"చాళుక్య వీరభద్రుడు. నిడదవోలు."

"గద్దె దిగి మా ఇంటికి రా అన్నడా?"

"శాసనాలల్లనైతే లేదు."

"మరి నీ శాసనంల ఏముందో చూసుకొని చెప్పు."

కరెంటు వచ్చింది. ఇక మాట వినపడలేదు.

ఇంటికొచ్చి తల్లి నాగవ్వ ముందు కూర్చున్నాడు. "అమ్మా, క్రాంతి సాంచెలు అమ్మది. నేనే సిరిసిల్లల ఉంట. జగిత్యాలకు బస్సుల పోయొస్త."

"అత్తగారింటికి ఇల్లుటం పోతవా కొడుకా? నలుగురు నవ్వరా?"

"వీరభద్రుడు రుద్రమను గద్దె దిగుమనలేదమ్మా."

"ఆడెవడు? మన చుట్టమా?"

"కావాలనుకుంటున్న."

ఆదివారం నాగవ్వ కొడుకు కంటే ముందే చేతిసంచి పట్టుకుని బస్టాండుకు నడిచింది.

షెడ్డులో స్టూలు మీద కూర్చుని గంటసేపు చూసింది. పోగు తెగినప్పుడల్లా క్రాంతి వేళ్లు రెప్పపాటులో ముడి వేసేవి. చివరికి నాగవ్వ లేచి ఆ పిల్ల చేయి పట్టి తిప్పి చూసింది. వేళ్ల కొసలన్నీ కాయలు. పక్కనే తన వేళ్లు పెట్టింది. ముప్పై ఏళ్లుగా తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన వేళ్లు.

"నాకు లగ్గమైనంక మా అత్త బీడీలు ఇడువుమన్నది బిడ్డా. నేను ఇడువలే. వీని నాయిన దుబాయి పోయి కూసుంటే వీన్ని సదివిచ్చింది గా బీడీల చాటనే. ఇయ్యాల అత్తనయ్యే సరికి నాకే బుద్ధి తప్పింది."

గంగయ్య గొంతు సవరించుకున్నాడు. "మరి లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం చెల్లె?"

"పిల్లనడుగుండ్రి అన్నా. పని ఆమెది."

క్రాంతి తల ఎత్తకుండా, "చీరల ఆర్డరు అయినంక," అంది.

"అదెప్పుడైతది?" అన్నాడు జైపాల్, ఆత్రం దాచుకోలేక.

"నూలు కండెలు చుట్టే మనిషి దొరికితే దసరాకు ముందే."

జైపాల్ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.