గంగ రంగు సముద్రం

"ఎవరండీ సముద్రానికి మట్టిరంగు వేయించింది?"

గుమ్మంలో హైమ. చేతిలో గొడుగు, గొడుగున్నా తడిసిన కుచ్చిళ్ళు, కళ్ళల్లో కోపం. లోపల నేలమీద పరిచిన పెద్ద తెర, దాని చుట్టూ మోచేతుల దాకా రంగులు పూసుకున్న పిల్లలు. వాళ్ళ మధ్య మోకాళ్ళమీద కూర్చున్న కోదండం గుండె గుభేలుమంది.

పాపం, ఆ గుండె పొద్దుటినుంచీ అదే పనిమీద ఉంది. హైమ నాన్నగారు శ్రీనివాస రావు బ్యాంకు ఆఫీసరు. ఆయనకి హైదరాబాదు ట్రాన్స్‌ఫర్ అయింది. దసరా పూజలు కాగానే ప్రయాణం. నిన్న ఆ కబురు చెప్పి, "రేపు నాన్నగారు ఇక్కడికి వస్తున్నారు. బొమ్మ బాగా రావాలి సుమండీ!" అని కూడా చెప్పి వెళ్ళింది హైమ. ఆయన వచ్చేలోపు తన మనసులో మాట ఆమెతో చెప్పెయ్యాలి, ఇవాళ తప్పితే ఇక లేదు అని కోదండం పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు.

బెంగాలీల ఊరైన లిలువాలో, రైల్వే కాలనీలో తెలుగు సంఘానికి ఒక గది ఉంది. ఆదివారాలు హైమ అక్కడ పిల్లలకి బొమ్మలు నేర్పుతుంది. కోదండం వర్క్‌షాపులో రైలు పెట్టెలకి రంగులేస్తాడు. మొదట్లో మేనకోడలు సుందరిని దింపి వెళ్ళిపోయేవాడు. తర్వాత దింపి ఉండిపోవడం మొదలుపెట్టాడు. రంగులు కలపడం, కుంచెలు కడగడం, హైమ ఒక్కసారి నవ్వితే ఆ రోజుకి ఇంక ఎందుకూ పనికిరాకుండా పోవడం... ఏడాదిగా ఇదే వరస.

సంఘం వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర కావాలన్నారు. సముద్రం ఒడ్డున ఇసుక కోట ఒకటి హైమ గుడ్డమీద గీసిపెట్టింది. రంగులు మాత్రం పిల్లలే వెయ్యాలి. "నాకు ఆలస్యమైతే మీరు మొదలుపెట్టించండి" అని కోదండానికి అప్పజెప్పింది. వానకి లోకల్ ట్రైన్లు ఆగిపోయాయి. కొంప అక్కడే మునిగింది.

"ఇదేమిటి, కోటకి వెదురుబొంగులా?" హైమ వంగి చూసింది. "ఈ ఎర్రగుడ్డ కుచ్చులేమిటి? లైట్ల తోరణాలేమిటి? లోపల ఈ పిల్లి ఎవరు?"

"పిల్లి కాదు టీచర్, సింహం" అంది సుందరి చిన్నబుచ్చుకుని. "పక్కన దుర్గమ్మ. చేతులు ఇంకా నాలుగు వెయ్యాల. ఇది ప్యాండల్."

"నేను గీసింది ఇసుక కోట కదే!"

"నీల్ల పక్కన పెట్టేరు కదా టీచర్. మరి బాషాన్‌కి తెచ్చినట్టే కదా?" బాషాన్ అని అమ్మవారిని గంగలో కలిపే పండగ చూడని పిల్లలెవరున్నారు ఆ ఊళ్ళో? ఆ గదిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

హైమ కోదండం వైపు తిరిగింది. "పిల్లలంటే పిల్లలు. మీరేం చేస్తున్నారండీ? సముద్రం నీలంగా ఉంటుందని చెప్పొద్దూ?"

"నానే సెప్పానండీ, గంగ రంగు వెయ్యమని."

"మీరా! ఎందుకు?"

కోదండం చేతిలో కుంచె తిప్పాడు. చెప్పాల్సిన మాట ఒకటైతే, ముందు ఈ సిగ్గుమాలిన మాట చెప్పాల్సి వచ్చింది.

"నాను సముద్రం సూడలేదండీ. పుట్టింది ఇక్కడే. మా అయ్య కార్పొరేషన్‌లో నీల్ల పైపుల పని, ఎక్కడికీ తీసుకెల్లలేదు. పిల్లలు నీల్లకి ఏ రంగు మావా అని అడిగితే, నాకు తెలిసిన నీల్లు గంగే కదా..."

"వర్క్‌షాపులో రంగులేసే పని చేస్తూ?"

"అక్కడ రైలు పెట్టెలకేస్తామండీ, సముద్రానికి కాదు."

హైమకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయింది. వీధి గుమ్మం దాకా చూసి, చీర చెంగు వేలికి చుట్టుకుంది. ఎప్పుడూ ఇంత కంగారుగా ఉండదే ఈ పిల్ల, అనుకున్నాడు కోదండం. ఇదే అదను. గొంతు సవరించుకున్నాడు.

"హైమ గారూ, మీతో ఒక మాట..."

"మావా! దేముడు సింహం మీద సీమిడి తుడిసీసినాడు!" అని అరిచింది సుందరి.

"నేను కాదు, అదే కారింది!" అని ఏడుపు లంకించుకున్నాడు అయిదేళ్ళ దేముడు. వాణ్ణి ఊరుకోబెట్టి, ముక్కు తుడిచి, సింహానికి జూలు సర్దేసరికి గుమ్మంలో బూట్ల చప్పుడైంది. శ్రీనివాస రావు గారు గొడుగు ముడుస్తున్నారు. కోదండం ప్రాణం ఉసూరుమంది.

"ఇక్కడ కోదండం ఎవరమ్మా?" వస్తూనే అడిగారాయన.

"నానేనండీ" అని లేచి నిలబడ్డాడు. బొమ్మ చూడ్డానికి వచ్చినాయన తన పేరు ఎందుకు అడుగుతున్నాడు? రంగులు చెడగొట్టినవాడెవడని అప్పుడే ఎవరైనా చెప్పేశారా?

ఆయన తెర చుట్టూ ఒకసారి తిరిగారు. హైమే కల్పించుకుంది. "ఇసుక కోట నాన్నా. ఎంత ముద్దుగా కట్టుకున్నా ఏం లాభం, ఒక్క అల వస్తే పోతుంది" అంది. ఆ చివరి మాట కోదండం వైపు చూసి అంది. కోట గురించి కాదు ఆ మాట. కోదండానికి అర్థమైంది.

సుందరికి మాత్రం ఆ బెంగేమీ లేదు. "పోతే ఏటి టీచర్? ఆశ్‌ఛే బొఛొర్..."

"ఆబార్ హొబే!" గదంతా దద్దరిల్లేలా అరిచారు పిల్లలు. అమ్మవారు నీళ్ళల్లో మునిగిపోతుంటే ఊరంతా అరిచే అరుపు అది, వచ్చే ఏడు మళ్ళీ అని.

"నాకు వచ్చే ఏడు వద్దు!"

ఎవరా అని అందరూ చూశారు. అన్నది కోదండమే. వాడికే నమ్మకం కుదరలేదు. కానీ నోరు ఒకసారి తెరుచుకున్నాక ఇంక ఆగలేదు.

"అమ్మవోరైతే మల్లీ వస్తాది. మీరు ఎల్లిపోతే రారు హైమ గారూ. ఎల్లొద్దండీ. మీరంటే నాకు పేనం. ఏడాది నుంచీ సెప్పాలని... సెప్పలేకపోయాను." అప్పుడు గుర్తొచ్చింది, ఎదురుగా ఉన్నది ఎవరో. "సార్, తప్పయితే తిట్టండి. అబద్ధం మాత్రం కాదు."

హైమ తల వంచుకుంది. శ్రీనివాస రావు గారు కళ్ళజోడు తీసి, తడి తుడుచుకున్నారు.

"ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చినప్పటినుంచీ మా ఇంట్లో ఒకటే గోల బాబూ. ఇది హైదరాబాదు రానంటుంది. ఎందుకే అంటే నీ పేరు చెప్పింది. అతను నీతో ఏమన్నాడే అంటే, ఏమీ అనలేదు నాన్నా అని ఏడ్చింది. అదేం పిల్లాడో చూద్దామని వచ్చాను, మీ సముద్రం రంగు చూడ్డానికి కాదు."

కోదండం గోడ పట్టుకున్నాడు.

"వాళ్ళమ్మ లలితాంబ ఇంకా ఒప్పుకోలేదు. అది నా తలనొప్పి. మీ నాన్నగారు ఎప్పుడు ఇంట్లో ఉంటారో చెప్పు, వచ్చి మాట్లాడతాను. ఆ, మాది భీమిలి. ముందు నువ్వు ఒకసారి సముద్రం చూడాలయ్యా."

"మీ అమ్మాయి సూపిస్తే సూస్తాను సార్."

"ఇంక సార్ ఏమిటి?" అన్నారాయన నవ్వు ఆపుకుంటూ.

నీలం సీసా మూత తీయబోయి, హైమ మళ్ళీ బిగించేసింది. మట్టిరంగులో కుంచె ముంచి సముద్రానికి మిగిలిన మూల నింపడం మొదలుపెట్టింది. సుందరి ఆమె మోచెయ్యి లాగింది.

"అయితే టీచర్, వచ్చే వార్షికోత్సవానికి మీరుంటారా? ఆశ్‌ఛే బొఛొర్?"

హైమ కోదండాన్ని చూసింది. ముఖం అంతా ఎర్రబడింది. వచ్చీరాని బెంగాలీలో అంది.

"ఆబార్ హొబే."