ఏడు మెగాహెర్ట్‌జ్ మీద ఆవిడ చెయ్యి

ఉదయం తొమ్మిదీ నలభైకి ట్రాన్స్‌మిటర్ స్టేషన్ పేలిపోయింది. డ్యూటీ ఆపరేటర్ ఆ సమయానికి ఎదురుకొట్టుకి టీ కోసం వెళ్లాడు గనక బతికిపోయాడు. పది గంటలకి, అదే స్టేషన్ ఫ్రీక్వెన్సీ మీద, రెండేళ్ల కింద చనిపోయిన మనిషి మెసేజ్ పంపింది.

పదకొండు కాకుండానే బాస్ ఓ టేబుల్ ఫ్యాన్ చంకన పెట్టుకుని మాస్టారి రిపేరు కొట్టు మెట్లెక్కాడు.

"మోటారు చూడాలండీ. కాలిన వాసన వస్తోంది."

"వాసనొస్తే వైండింగ్ పోయినట్టే. లోపలికి తీసుకురండి" అన్నారు మాస్టారు.

కోడ్ సరిపోయింది. బాస్ లోపలికొచ్చి తలుపు వేశాడు. ఊళ్లో అందరికీ మాస్టారు ఫ్యాన్లు బాగుచేసే మనిషి. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం ఇరవై ఏళ్ల పాటు ఏజెంట్లకి మోర్స్ నేర్పిన మనిషి. ఆ పనిలో ఆయనకి సాటి ఒక్కరే, ఆయన భార్య.

బాస్ జేబులోంచి చిన్న రికార్డర్ తీసి నొక్కాడు. టిక్కు, టక్కు, టిక్కు.

మాస్టారు చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశారు.

కీ నొక్కే తీరు ఒక్కో ఆపరేటర్‌ది ఒక్కోలా ఉంటుంది. దాన్ని వాళ్లు 'చెయ్యి' అంటారు. ఈ చెయ్యి ప్రతి గీతనీ, అంటే పొడుగు మోతనీ, చివర కొంచెం సాగదీస్తోంది, కుట్టు ముగించి దారం లాగినట్టు. ఆఖరి అక్షరానికి ముందు ఓ ఊపిరంత ఆగుతోంది.

"మీరు పంపింది కాదుగా?" అడిగాడు బాస్.

"నేను పంపితే ఇంత బాగా రాదు. ఇది ఆవిడదే."

"ఆవిడ పాత రికార్డింగులు ఎవరో అమ్మేశారు మాస్టారూ. అక్షరం అక్షరం కోసి, కంప్యూటర్‌లో అతికించారు."

మెసేజ్ చిన్నది. 'ప్రమాదం. నాలుగింటికి పడవల రేవు. నేనే వస్తున్నా. మూడున్నరకి మళ్లీ చెబుతా. అక్క.'

అది 'పిచ్చుక' కోసం పన్నిన వల. మూడొందల కిలోమీటర్ల అవతల రేవు పట్టణంలో, ఎగుమతుల కంపెనీ ముసుగేసుకున్న విదేశీ ముఠా ఒకటుంది. పిచ్చుక అందులో మూడేళ్లుగా టైపిస్టు. టిఫిన్ డబ్బా అడుగున ఇమిడిన రేడియోతో పదింటికీ మూడున్నరకీ బాత్రూములో చెవి ఒగ్గుతుంది, అవసరమైతే బదులు పంపుతుంది. ఆ అమ్మాయికి మోర్స్ నేర్పింది మాస్టారి భార్యే. అక్క చెప్పిందే వేదం. ఆ అక్క పోయిన రోజున బాస్ మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, "ఆ పిల్లకిప్పుడే చెప్పొద్దు, బెంబేలెత్తిపోతుంది" అన్నాడు. ఆ మర్నాటి నుంచీ మాస్టారే భార్య చేత్తో పంపుతున్నారు. కొట్లోంచి స్టేషన్‌కి వేసిన లైను మీద, రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, చనిపోయిన మనిషిలా.

"తమలో ఓ గూఢచారి ఉందని ముఠాకి తెలుసు. ఎవరో తెలీదు" అన్నాడు బాస్. "నాలుగింటికి రేవులో ఎవరొచ్చి నిలబడితే వాళ్లే పిచ్చుక."

"మనవాళ్లు?"

"ఇద్దరున్నారు రేవులో. ఆమె ముఖం వాళ్లకి తెలీదు. వాళ్లు గుర్తుపట్టేలోపు తూటా గుర్తుపడుతుంది. అక్కడి ఉద్యోగుల ఫోన్లన్నీ కంపెనీ వింటుంది. మిగిలింది ఆమె రేడియో వినే మూడున్నర విండో ఒక్కటే."

"ఇంకో సెట్ తెప్పించండి."

"స్టోర్స్‌కి ఇండెంట్ రాసిన ఐదో నిమిషంలో వాళ్లకి తెలుస్తుంది. ఆఫీసులో వాళ్ల మనిషెవడో ఉన్నాడు. మీరే కట్టాలి మాస్టారూ. ఇక్కడే."

మాస్టారు కొట్టంతా ఓసారి కలయజూశారు. పోయిన ఫ్యాన్లు, పగిలిన రేడియోలు, ఓ బుట్టెడు కాలిన బల్బులు.

"సరే. ఆ ఫ్యాన్ ఇటివ్వండి. దాని వైండింగ్ తీగ కావాలి."

"ఇది మా ఇంట్లోదండీ. బాగానే తిరుగుతుంది!"

"ఇక తిరగదు."

*

బాస్ రేవులోని మనుషులతో ఫోన్లో మాట్లాడటానికి వెళ్లిపోయాక మాస్టారు కొట్టు ముందు 'భోజన విరామం' అట్ట తగిలించారు.

బిస్కెట్ డబ్బా మూతని తిరగేసి దాని మీద కట్టడం మొదలుపెట్టారు. కాలిన సీఎఫ్ఎల్ బల్బు పగలగొడితే లోపల పవర్ ట్రాన్సిస్టర్ నిక్షేపంగా ఉంది. బల్బు చచ్చినా అది చావదు. వినడానికి పగిలిన రేడియోలోంచి రిసీవర్, ఆటబొమ్మలోంచి స్పీకరు చిప్పు, స్కూటర్ బ్యాటరీ, కీ కోసం రంపపు బ్లేడు ముక్కా దాని మీద చొక్కా గుండీ. కాయిల్ చుట్టడానికి ఖాళీ మాత్రల సీసా ఒకటి వాడారు. అది ఆవిడ మందుల సీసా. రెండేళ్లుగా పారేయడానికి చేతులు రాలేదు. ఇప్పుడు పని దొరికింది.

ఇక కావాల్సింది క్రిస్టల్. ఫ్రీక్వెన్సీని పట్టి నిలబెట్టేది అదే. పిచ్చుక సెట్లో ఉన్నదానికి జోడీ ఒకటి ఆవిడ నగల పెట్టెలో, దూదిలో చుట్టి ఉంది. నగలన్నీ ఆస్పత్రికే సరిపోయాయి. క్రిస్టల్ ఎవరూ కొనరు గనక మిగిలింది.

పన్నెండింటికి తలుపు మీద ఎవరో గోటితో టకటకలాడించారు. తెరిస్తే నల్లకళ్లద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, చేతిలో హెయిర్ డ్రయ్యర్.

ఆమెని అటు ముఠాలోనూ ఇటు డిపార్ట్‌మెంట్‌లోనూ 'మేడమ్' అనే అంటారు. రెండు వైపులా పనిచేస్తుంది గనక.

"భోజన విరామం అమ్మా" అన్నారు మాస్టారు.

"తినండి. నేను చూస్తూ కూర్చుంటా. మీ మీద నిఘాకి ముఠా నన్నే పెట్టింది." ఆమె స్టూలు మీద కూర్చుని, మూత మీద లేస్తున్న తీగల గూడుని చూసింది. "ఇది ఫ్యాన్ కాదే."

"ఫ్యాన్ తీగే."

"మాస్టారూ, ఆ రికార్డింగులు చేతులు మార్చింది నేనే." కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పాఠాల టేపులు అన్నారు. ఏముందిలే అనుకున్నా. పొద్దున మెసేజ్ విన్నాక తెలిసింది, ఎవర్ని చంపడానికో. మీ ఆవిడ నన్నొకసారి వానలో వాకిట్లో చూసి, ఎవరు, ఎందుకు అని ఒక్క మాట అడక్కుండా తువ్వాలు ఇచ్చింది."

మాస్టారు జారుతున్న కాయిల్ చుట్టుని వేలితో నొక్కిపట్టారు. "మీ దగ్గర గోళ్ల రంగు ఉందా?" అన్నారు.

"ఏంటీ?"

"కాయిల్ చుట్లు జారుతున్నాయి. రంగు పూస్తే పట్టుకుంటాయి."

ఆమె సంచిలోంచి సీసా తీసి ఆయనకి ఇవ్వలేదు. తనే వంగి, చుట్టు చుట్టుకీ ఎర్రగా, జాగ్రత్తగా పూసింది.

*

రెండింటికి సెట్ పూర్తయింది. పని చేయలేదు.

ఏరియల్ బదులు టార్చి బల్బు తగిలించి కీ నొక్కితే బల్బు వెలగాలి. చీకటి. మాస్టారు మీటరు పెట్టారు. బ్యాటరీ వోల్టేజీ ఉంది. ట్రాన్సిస్టర్ బాగుంది. దాని కాలి దాకా కరెంటు రావడం లేదు.

"టైము?" అడిగారు.

"రెండూ పది. టైము మూడోసారి అడుగుతున్నారు."

"మరుపు."

"మరుపు కాదు. ఇంకో గంటలో ఆవిడ మాట్లాడుతుంది. అందుకు."

ఆయన కాయిల్ చివరలు మీటరుతో తాకారు. ముల్లు కదల్లేదు. అతుకు పైకి నున్నగా, మెరుస్తూ ఉంది. లోపల మాత్రం తీగ మీది ఎనామిల్ పూత పూర్తిగా గీకలేదు. సీసం రాగికి అంటుకోలేదు, పూత మీద కూర్చుంది. ఇరవై ఏళ్లు ప్రతి బ్యాచికీ మొదటి రోజు చెప్పిన తప్పు.

"నా శిష్యులెవరైనా ఇలా చేస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి" అన్నారు.

మేడమ్ గోళ్లు అరగదీసే ఆకురాయి అందించింది. గీకి, మళ్లీ అతికించి కీ నొక్కితే టార్చి బల్బు పచ్చగా వెలిగింది. ఇద్దరూ ఆ వెలుగుని కాసేపు అలాగే చూశారు.

మూడూ పదికి ఏరియల్ తగిలించారు. డాబా మీద బట్టలారేసే తీగే ఏరియల్, రెండేళ్ల కింద ఆవిడే కొలిచి కట్టింది. కీ నొక్కగానే ట్రాన్సిస్టర్ వేలు కాలేంత వేడెక్కింది. రిసీవర్లో గాలి చప్పుడు కూడా లేదు. బల్బుతో బాగున్న సెట్ ఏరియల్‌తో చచ్చిపోతోందంటే తప్పు సెట్‌లో లేదు.

మాస్టారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. డాబా మీద పక్కింటావిడ తడి దుప్పట్లు ఆరేస్తోంది.

"అన్నయ్యగారూ, మీ తీగ జారిపోతోందండీ ఈ బరువుకి. చివర్న ఆ నైలాన్ తాడు పీచులా ఉంటే తీసి పారేసి, ఇనప పైపుకే బిగించి కట్టేశా. ఇక ఊడదు చూడండి!"

ఊడదు. పంపిన ప్రతి అక్షరమూ ఆ పైపు వెంట నేలలోకి దిగిపోతుంది.

"మంచి పని చేశావమ్మా" అన్నారు మాస్టారు, దుప్పట్లు లాగేస్తూ. "నీ దగ్గర ప్లాస్టిక్‌ది ఏమైనా ఉందా? అర్జెంటు."

ఆవిడ జుట్టులోంచి దువ్వెన తీసి ఇచ్చింది. "దువ్వెనెందుకండీ, ఉన్న నాలుగు వెంట్రుకలకి?"

"ఆ నాలుగే చెదురుతున్నాయి." పైపుకీ తీగకీ మధ్య దువ్వెన కట్టి, దుప్పట్లు ఆవిడ చేతుల్లో పోసి దిగొచ్చేసరికి మూడూ ఇరవయ్యెనిమిది.

*

మూడున్నరకి రిసీవర్ ప్రాణం పోసుకుంది. గాలి హోరు. ఆ హోరు వెనక నుంచి, గది అవతలి గుమ్మంలోంచి నడిచొచ్చినట్టు, ఆవిడ వచ్చింది.

ప్రమాదం. నాలుగింటికి. పడవల రేవు.

ప్రతి గీత చివరా ఆ సాగదీత. మాస్టారి వేళ్లు కీ మీద ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఆ చేతిని ఆయన భోజనాల బల్ల మీద చెంచాతో సాధన చేశారు, నిద్రలో సాధన చేశారు. ఇప్పుడు అబద్ధం చెబుతున్నది ఆవిడ అసలు చెయ్యి. నిజం చెప్పాల్సింది తన నకిలీ చెయ్యి. చెప్పాలంటే ఆవిడ మాటకి అడ్డుపడాలి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన చేయని పని అదొక్కటే.

"మాస్టారూ!" మేడమ్ ఆయన భుజం కుదిపింది.

ఆయన కీ నొక్కారు. ఆవిడ చేత్తోనే. 'వద్దు. రేవుకి రావద్దు. అది నేను కాదు. అక్క.'

ఆయన స్వరం టేపు స్వరం కన్నా కాస్త సన్నగా ఉంది. వినేవాళ్లకి రెండూ విడివిడిగా వినిపిస్తాయి.

హోరులోంచి పిచ్చుక పలికింది, చిన్నగా, వేగంగా. 'ఇద్దరున్నారు. ఎవరు అక్క?'

టేపు మళ్లీ మొదటికొచ్చింది. ప్రమాదం. నాలుగింటికి.

మేడమ్ ఫోను మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది. మగగొంతు: "ఏదో కొత్త సిగ్నల్ అడ్డొస్తోంది. ముసలాడెక్కడ?"

"నా ఎదురుగానే ఉన్నాడు."

"ఏం చేస్తున్నాడు?"

"రిపేరు. సొట్ట పడిన బిస్కెట్ డబ్బా మూత ఒకటి ముందేసుక్కూర్చున్నాడు. చాదస్తం మనిషి, లేవడు."

"వదలకు." ఫోను ఆగింది.

మాస్టారు చొక్కా గుండీ మీంచి వేలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టారు. ఈసారి గీతలు పొట్టిగా, తిన్నగా పడ్డాయి. సాగదీత లేదు. ఊపిరి లేదు. అది ఆయన సొంత చెయ్యి.

'ఇద్దరిలో ఎవరూ కాదమ్మా. అక్క పోయి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ పంపింది నేను, మాస్టారిని. నువ్వు వింటున్నది ఆవిడ పాత రికార్డింగు. నమ్మకపోతే అక్కని ఏదైనా అడుగు. ఏదైనా.'

టేపు ఇంకో చుట్టు తిరిగింది. వేడెక్కిన ట్రాన్సిస్టర్ మీద మేడమ్ తడి రుమాలు వేసి పట్టుకుంది.

పిచ్చుక అడిగింది. 'అక్కా, బాగున్నావా?'

అది ప్రశ్న కూడా కాదు. టేపుకి చెవుల్లేవు. ఆ రెండు మాటల మీంచే నడిచిపోయింది. పడవల రేవు. నేనే వస్తున్నా.

పిచ్చుక మళ్లీ అడిగింది. 'అక్కా?'

ప్రమాదం. నాలుగింటికి.

మూడూ నలభై ఆరుకి రుమాలు కింద చిన్నగా 'టప్' మంది. కాలిన వాసన. ట్రాన్సిస్టర్ పోయింది. ఇక పంపడానికి లేదు, వినడానికే.

"సరిపోయిందా? చేరిందా?" మేడమ్ రుమాలు ఎత్తి చూస్తూ అడిగింది.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. తెలీదు.

యాభై. యాభై ఐదు. టేపు తిరుగుతూనే ఉంది. మూడూ యాభై తొమ్మిదికి, విండో దాటిపోయిన ఎంతోసేపటికి, హోరులో పిచ్చుక పలికింది.

'టైపు మిషను దగ్గరికే వెళ్తున్నా, రేవుకి కాదు. మీరని నాకు మొదటివారమే తెలుసు మాస్టారూ. మీకు చెప్పాలనిపించలేదు. అందుకే ఇవాళ అక్క అసలు చెయ్యి వినగానే బతికే ఉందనుకున్నా. చెప్పులు కూడా వేసుకున్నా. మెట్ల మీంచి వెనక్కొచ్చా.'

తర్వాత కాసేపాగి, ఇంకొకటి. 'మీ సొంత చెయ్యి అంత అధ్వాన్నంగా ఏం లేదు. రేపట్నుంచి దాంతోనే పంపండి.'

మాస్టారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

*

నాలుగూ పదికి బాస్ వచ్చాడు. రేవుకి ఎవరూ రాలేదని ఫోనొచ్చిందిట, చేపల బుట్టల వెనక తుపాకులతో కాచుకున్న ముగ్గురు తప్ప. వాళ్లని మనవాళ్లు బుట్టలతో సహా ఎత్తారు. టేపులు అమ్మింది స్టోర్స్ గుమాస్తా అని మేడమ్ చెప్పింది. బాస్ ఆమెకి థాంక్స్ చెప్పి, ఆ వెంటనే ఆమె పక్కన కాపలా పెట్టాడు. ఆమె నొచ్చుకోలేదు.

స్పీకరులో ఇంకా టిక్కు, టక్కు వస్తూనే ఉంది. టేపు ఆపాల్సిన మనిషికి రేవు వార్త ఇంకా అందినట్టు లేదు.

"అయిపోయిందిగా మాస్టారూ" అన్నాడు బాస్. "ఇంకా ఎందుకు వింటున్నారు?"

మాస్టారు వాల్యూమ్ కొంచెం పెంచి, స్పీకరుని దగ్గరికి జరుపుకున్నారు.

"కొత్త సెట్ కదండీ. రిసీవర్ ఎలా పనిచేస్తోందో చెక్ చేస్తున్నా. కాస్త టైము పడుతుంది."