నలభై ఒకటో పీపా

మా స్పే నది ఒడ్డున మూడో నంబరు విస్కీ గోదాము పేరెత్తితే సగంమంది పనివాళ్ళు ఏదో వంకతో తప్పించుకునేవాళ్ళు. మట్టి నేల, నల్లగా బూజు పట్టిన గోడలు, పైకప్పు దాకా పీపాలు. పీపాలు బాగుచేసే ముసలి డువీ ఆ వరసల మధ్యే పడి చచ్చిపోయాడు. అప్పట్నుంచీ చీకటి పడ్డాక అక్కడ తట్టిన చప్పుడు... ఒక పీపా తర్వాత ఇంకో పీపా. కారుతున్న పీపా కోసం డువీ ఇంకా వెతుకుతున్నాడని అనేవాళ్ళు.

నేను వినలేదు. విన్నవాడు ఇన్నిస్ గెడ్డిస్. పోయేముందు నాకొక్కడికే చెప్పాడు.

ఇన్నిస్ మా విస్కీ బట్టీ పెద్ద. రాగి బట్టీలోంచి దిగే ధారలో ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో ముక్కుతోనే చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళు చేశాడు. ఒక్క సీసా మీదా అతని పేరు లేదు. ఉంటే యజమానుల పేరు, లేదంటే — ఇక్కడే అతనికి కడుపు మండేది — లాక్లన్ పేరు.

లాక్లన్ ఒకప్పుడు మాతోపాటే పార పట్టుకుని బార్లీ తిరగేసినవాడు. ఎల్గిన్ పట్నంలో కిరాణా కొట్టాయన కూతుర్ని చేసుకున్నాడు. మా దగ్గర పీపాలు కొని, ఆ కొట్టు వెనకాలే సీసాలకెత్తి, తన పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. ఎక్కడ చూసినా ‘లాక్లన్ విస్కీ’ అనే మాటే. అది చెవిన పడితే ఇన్నిస్ సగం గ్లాసు వదిలేసి లేచిపోయేవాడు. నాకూ కుళ్ళుగానే ఉండేది, దాచుకోవడం దేనికి.

ఒక్కటే ఊరట. బయటివాళ్ళకి అమ్మే ప్రతి పీపాలోనూ మా యజమానులు పక్క బట్టీ విస్కీ ఒక్క చెంచాడు పోయించేవాళ్ళు. ఆ చెంచాడుతో అది కలిపిన సరుకు అయిపోతుంది. ఇక కొన్నవాడు సీసా మీద మా బట్టీ పేరు వేసుకోకూడదు.

ఒక డిసెంబర్లో లాక్లన్ నలభై ఒకటో పీపా కొన్నాడు. పద్దెనిమిదేళ్ళ సరుకు. ఇన్నిస్ తన జీవితంలో అంత మంచిది ఇంకోటి చేయలేదు. ఆఫీసు నుంచి చీటీ వచ్చింది — దీంట్లో చెంచా పోయొద్దని. ఎందుకో రాయలేదు.

మా బట్టీ పేరు కూడా వాడికే ఇచ్చేస్తారా అని ఇన్నిస్ రగిలిపోయాడు. మర్నాడే పీపా లారీ ఎక్కుతుంది. ఇంక తనే పోసేద్దామనుకున్నాడు.

చలికాలం, నాలుగింటికే చీకటి పడిపోయింది. జేబులో పక్క బట్టీ విస్కీ ఉన్న చిన్న సీసా, చెంచా, చేతిలో టార్చి. గోదాము తలుపుకి తాళం లేదు... తన అదృష్టం అనుకున్నాడు. నలభై ఒకటో పీపా బిరడా ఊడదీశాడు. ఒక్క చెంచాడు పోశాడు. బిరడా మళ్ళీ బిగించాడు.

అప్పుడు వినిపించింది.

టక్...

తలుపు వైపు నుంచి. టార్చి ఆర్పేశాడు.

టక్... టక్...

ఒక్కో పీపానే తడుతూ ఎవరో వస్తున్నారు. గోడకి అతుక్కుపోయాడు. పారిపోదామంటే దారి ఒక్కటే — చప్పుడు వస్తున్నదీ ఆ దారినే. చేసిన పాపం డువీకి తెలిసిపోయిందనుకున్నాడు. పక్క పీపా మీద... టక్. తర్వాత తన ముందున్న పీపా మీద. అక్కడ ఆగిపోయింది. చీకట్లో ఊపిరి వినిపించింది.

“నలభై ఒకటి,” అందొక గొంతు, మెల్లగా.

ఇన్నిస్ ప్రాణాలు ఉగ్గబట్టుకుని టార్చి నొక్కాడు. ఎదురుగా లాక్లన్, పిడికిలి పీపా మీద పెట్టి.

“నువ్వేంట్రా ఇక్కడ? సుంకం ఆఫీసరు చేత తాళం తీయించింది నేనే. ఆయన టీ ఇస్తే తాగి వచ్చాను. నా టార్చి చచ్చింది, నా పీపా కోసం ఒక్కోటీ తట్టుకుంటూ లెక్కపెట్టుకుంటున్నా,” అని నవ్వాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. “సర్లే, దొరికావుగా. రేపు చూపిద్దామనుకున్నా. చెంచా పోయకుండా ఉండేందుకు మీ యజమానుల కాళ్ళావేళ్ళా పడ్డాను. లేకపోతే ఇది వేయడానికి లేదు.”

సీసాకి అంటించే చీటీ అది. పైన మా బట్టీ పేరు. దాని కింద, అంతే పెద్ద అక్షరాల్లో — చేసినవాడు ఇన్నిస్ గెడ్డిస్.

ఇన్నిస్ చదివి కాగితం వెనక్కి ఇచ్చేశాడు.

“చించెయ్,” అన్నాడు. “ఇప్పుడే పోశాను.”

లాక్లన్ కాగితం మడిచి ఇన్నిస్ జేబులో పెట్టి, చీకట్లోనే వెళ్ళిపోయాడు.

ఇదంతా చెప్పినప్పుడు, నోరు మూసుకుంటే ఎవడికి తెలిసేదని ఇన్నిస్‌ని అడిగాను. “నా పేరు కింద అబద్ధం ఎలా తాగిస్తానురా?” అన్నాడు.

వసంతంలో సీసాలు వచ్చాయి. వాటి మీద ఒక్కటే పేరు ఉంది. ఎల్గిన్ నుంచి ఇన్వర్‌నెస్ దాకా తాగినవాళ్ళందరూ లాక్లన్ చెయ్యి మహా గొప్పదన్నారు.