పుర్రచేతి చెంగల్వ

వర్ణపురి రాజ్యానికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. పట్టాభిషేకానికి అంతా సిద్ధమైన వేళ, రాజకుమారి హేమలేఖను కరాళుడనే రాక్షసుడు ఎత్తుకుపోయి తన గుహ గోడ మీద బొమ్మగా మార్చేశాడు. ఆ బొమ్మకు కళ్లు లేవు. ఎవరైనా కళ్లు దిద్దితే ఆమెకు ప్రాణం వస్తుంది. కానీ దిద్దబోయిన ప్రతి చిత్రకారుడి కుడిచెయ్యీ కొయ్యబారిపోయింది. ఆస్థాన చిత్రకారుడు పాపన్న కూడా, పాపం, కొయ్యచేత్తోనే ఇల్లు చేరాడు.

పాపన్న కూతురు చెంగల్వది పుర్రచేతి వాటం. ఎడమచేత్తో గీత గీస్తే తీగ పాకినట్టు ఉండేది. అయితే గియ్యనిస్తే కదా! "ఆడపిల్లవి, ఎడమచేత్తో ఏమిటా పని? నలుగురూ నవ్విపోతారు" అంటూ పాపన్న కుంచె లాక్కుని కుడిచేతిలో పెట్టేవాడు. విని విని ఆ పిల్లకు తన చెయ్యంటేనే సిగ్గు పట్టుకుంది. పదిమందిలో ఉంటే దాన్ని ఓణీ కింద దాచుకునేది.

ఇప్పుడు తండ్రికి అన్నం కలిపి తినిపించాల్సి వచ్చేసరికి ఆమెకు దుఃఖం ఆగలేదు.

"నాన్నా, నేను వెళ్తాను" అంది.

"నువ్వు కాకిని వేస్తే కోడిలా ఉంటుందే తల్లీ!" అన్నాడు పాపన్న. కుడిచేతి బొమ్మల మాటకొస్తే అది నిజమే. అయినా చెంగల్వ కుంచె, రంగులు మూట కట్టుకుని బయలుదేరింది.

అడవి మొదట్లోనే ఓ మాయ ఎలుగుబంటి దారికి అడ్డంగా కూర్చుని ఉంది.

"నా బొమ్మ వేస్తేనే దారి. బాగా లేదో, నిన్ను ఫలహారం చేసేస్తా!"

చెంగల్వ అక్కడి బండ మీద కుడిచేత్తో వేసింది. ఎలుగు భగ్గుమంది. "ఇది నేనా, గుమ్మడికాయా?"

ప్రాణం మీదికి వచ్చాక ఇంకా సిగ్గేమిటి? చప్పున ఎడమచేత్తో మరో బొమ్మ వేసింది. ఎలుగు దాన్ని ఇటూ అటూ తిరిగి చూసుకుని మురిసిపోయింది.

"ఓసి పిచ్చిదానా, ఇంత చక్కని చెయ్యి పెట్టుకుని దాచావేం?"

"అందరూ తప్పంటారు, ఎలుగు మామా."

"అందరూ అంటే ఎవరే? నన్నెవరూ అడగలేదే!" అంటూ ఎలుగు ఆమెను వీపున ఎక్కించుకుని, నిప్పుల వాగు దాటించి, గుహ ముందు దించింది.

లోపల కరాళుడు తీరిగ్గా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "రా, బుజ్జీ! పద్ధతి తెలిసిన పిల్లలా ఉన్నావు. కుడిచేత్తో దిద్దు మరి" అన్నాడు.

చెంగల్వ కుడిచేత్తో కుంచె ఎత్తి, ఆగింది. కొయ్యబారినవన్నీ కుడిచేతులే కదా అనుకుని దాన్ని ఎడమచేతిలోకి మార్చుకుంది.

అంతే, రాక్షసుడి ముఖం పాలిపోయింది. బొమ్మను దిద్దబోయే కుడిచేతులన్నీ కొయ్యబారాలని వరం కోరుకున్నాడు, పెద్ద తెలివైనవాడు! ఎడమచేత్తో బొమ్మలు వేసే పిల్ల ఉంటుందని అనుకోలేదు.

"ఛీ! రాజకుమారిని ఎడమచేత్తో తాకుతావా? అపచారం! మీ నాన్న తల ఎత్తుకోగలడా?" అని అరిచాడు.

ఆ మాట చెంగల్వకు గుచ్చుకుంది.

"మా నాన్నతో నేను మాట్లాడుకుంటాలే" అని బొమ్మకు రెండు కళ్లూ దిద్దేసింది.

రాజకుమారి రెప్పలార్చి గోడ దిగి వచ్చింది. మాయ విరిగి కరాళుడు గోడ మీద మసిమరకై మిగిలాడు. వర్ణపురిలో బిగుసుకున్న చేతులన్నీ కదిలాయి.

హేమలేఖ రాణి అయిన రోజే చెంగల్వను పిలిచి, "నీ కథను బొమ్మల పుస్తకంగా వెయ్యి. మన ఆడపిల్లలందరూ చూడాలి" అంది. నిండు సభలో చెంగల్వ అలవాటుగా కుడిచేత్తో కుంచె అందుకుంది. పాపన్న లేచి వచ్చి దాన్ని లాక్కున్నాడు.

"ఇదీ నీ చెయ్యి, తల్లీ. ఇన్నాళ్లూ నాకే తెలియలేదు" అంటూ ఆయన కుంచెను ఆమె ఎడమచేతిలో పెట్టాడు. చెంగల్వ అందరిముందే ఏడ్చేసింది.

ఆ పుస్తకం ఊరూరా తిరిగింది. ఒక పల్లెలో ఓ చిట్టిపిల్ల అందులోని బొమ్మను చాలాసేపు చూసి, వెనక దాచుకున్న ఎడమచెయ్యి బయటికి తీసింది.

"అమ్మా, ఈ అక్కది నా చెయ్యే!" అంది.