'లేకపోతే' లేకపోతే

"మీ మెషీనుకి తెలుగు రాదండీ!"

గవర్నర్‌పేటలో ఆ మేడమీది కంప్యూటర్ సెంటర్‌కి వచ్చేవాళ్ళంతా చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చి, గుసగుసగా మాట్లాడి వెళ్ళిపోతారు. డెబ్బై అయిదు అక్టోబరులో ఒక వానపూట మాణిక్యం మాత్రం నీళ్ళోడే గొడుగు చంకలో పెట్టుకునే లోపలికి వచ్చి, కాగితాల చుట్ట ఒకటి అక్కడ ప్రోగ్రాములు రాసే బసవపున్నయ్య బల్ల మీద పడేసింది.

ఆమెది ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఏ చెరుకుతోట ఎప్పుడు కొట్టాలో చెప్పే లిస్టు తీయించుకోవడానికి వారానికి రెండుసార్లు వస్తుంది. ఆ రెండు రోజులూ పున్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. ఇంత చేసీ, నెల రోజుల్లో ఆమెతో అనగలిగిన మాట "కూర్చోండి" ఒక్కటే.

"ఏమైందండీ?"

"నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ మొలిచిన మూడు నెలల పిలక తోటల్ని కూడా కొట్టేయమంటోంది. అందులో మా నాన్న తోటొకటి!"

"మెషీనుకి తెలుగు రాని మాట నిజమేనండీ. ఇంగ్లీషూ రాదు. దానికి వచ్చింది ఫోర్ట్రాన్ అనే భాష ఒక్కటే. మీరు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కార్డుల మీద చిల్లులుగా కొడతారు కదా, నా ప్రోగ్రాం వాటిని చదివి, ఫోర్ట్రాన్‌లోకి మార్చి, కొత్త కార్డుల కట్ట చేసి ఇస్తుంది. మెషీను చదివేది ఆ కట్టని."

ఇంత పొడుగు మాట ఆమెతో అనడం అదే మొదలు. అతనికే ఆశ్చర్యమేసింది.

"దుబాసీ అన్నమాట," అంది మాణిక్యం. "అయితే మీ దుబాసీయే తప్పు చెప్తోంది."

రెండేళ్ళుగా రాస్తున్న ఆ ప్రోగ్రాంకి అప్పటిదాకా పేరు లేదు. ఆ క్షణంలో వచ్చింది.

"అసలు ఈ తిప్పలన్నీ ఎందుకండీ? నేరుగా ఫోర్ట్రాన్‌లోనే రాయొచ్చుగా?"

"అందులో 'లేకపోతే' అనే మాట లేదండీ. ఇది కాదంటే ఫలానా నంబరు లైనుకి పో, అక్కణ్ణించి ఇంకో నంబరుకి పో అని తిప్పుకుంటూ పోవాలి. చివరికి రాసినవాడికే దారి తెలీదు. అందుకే 'అయితే', 'లేకపోతే' నేను చేర్చాను."

"అయ్యో పాపం! 'లేకపోతే' లేకపోతే ఎట్లా బతుకుతున్నారో ఆ ఫోర్ట్రాన్ వాళ్ళు!"

ఆమె పకపకా నవ్వింది. పున్నయ్య నవ్వలేదు.

"ఏమన్నారు? మళ్ళీ అనండి."

"కోపమొచ్చిందా? ఊరికే అన్నానండీ."

"కోపం కాదు. అనండి."

"'లేకపోతే' లేకపోతే..."

అతను గబగబా ఆమె కార్డులు తీసి చూశాడు. వయసు పన్నెండు నెలలు అయితే కొట్టు. నీళ్ళు లేకపోతే కొట్టు. కాలవ నీళ్ళు అందని తోట ఎండిపోకముందే కొట్టాలని ఆమె ఉద్దేశం. దుబాసీకి తెలిసిన 'లేకపోతే' ఒకటే, పైన చెప్పింది కాదంటే ఇది చెయ్యమని. 'నీళ్ళు' అన్న మాటని పక్కకి నెట్టేసి, పన్నెండు నెలలు నిండని తోటలన్నిటినీ కొట్టమంది.

"తప్పు నాదేనండీ. పుట్టినప్పట్నుంచీ తెలుగే మాట్లాడుతున్నాను, ఆ మాటకి రెండర్థాలున్నాయని తట్టనే లేదు."

తప్పు ఒప్పుకునే మగవాణ్ణి మాణిక్యం ఎక్కువగా చూడలేదు. ఆమె గొంతు తగ్గింది.

"శుక్రవారం మా మేనేజరు వెంకటసుబ్బారావు గారే వస్తున్నారండీ. లిస్టు మళ్ళీ తప్పు వస్తే ఈ తెలుగు వద్దంటారు. మద్రాసు నుంచి ఫోర్ట్రాన్ తెలిసినాయన్ని పిలిపిస్తారట. నన్ను మళ్ళీ చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర కూర్చోబెడతారు. ఇక్కడికి రావడం ఉండదు."

ఆ చివరి మాట కిటికీ అవతలి వానకేసి చూస్తూ అంది. పున్నయ్య చేతిలో కార్డులు బల్ల మీద పెట్టేశాడు. దుబాసీ పోతే పోయింది, ఈ మనిషి రాకపోతే ఎట్లా?

"రెండిటికీ తేడా ఎట్లా చెప్పాలండీ దానికి?"

మాణిక్యం గొడుగు కొనతో నేల మీద గీతలు గీస్తూ ఆలోచించింది. "ఒంటరిగా ఉంటే ఒక అర్థం. ముందు ఎవరిదైనా పేరుంటే ఇంకో అర్థం. అంతేగా?"

ఎవరిదైనా పేరు అన్న చోట ఎందుకో ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు.

బుధ, గురువారాలు అతను దుబాసీకి ఆ తేడా నేర్పాడు. నేర్చుకుందో లేదో చూడటానికి ఒక కార్డు కావాలి, ఆ కార్డు మీదికి ఒక పేరు కావాలి. వేళ్ళకి తోచిన పేరు కొట్టాడు. దుబాసీ తడుముకోకుండా అర్థం చేసుకుంది. ఆ సంతోషంలో కార్డుని కట్టలోంచి తీసేయడం మరిచిపోయాడు.

శుక్రవారం ప్రింటర్ ముందు కార్డుల మీది మాటల్నీ, వాటి కింద లిస్టునీ టకటకా అచ్చు వేసింది. వెంకటసుబ్బారావు గారు కళ్ళజోడు సవరించుకుని మొదటి లైను కూడబలుక్కున్నారు.

"మా-ణి-క్యం లే-క-పో-తే... ఆ-గి-పో. ఇదేం రకమోయ్? మాణిక్యం అనే చెరుకు మన వైపు లేదే!"

మాణిక్యం చెవుల దాకా ఎర్రబడింది.

"టెస్టు కార్డండీ," అంది ఎలాగో. "కింద చూడండి."

ఆయన పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్క తోటా చూసుకుంటూ వెళ్ళారు. పిలక తోట ఒక్కటీ లేదు. కాలవ చివర నీళ్ళందని రెండు తోటలూ అన్నిటికంటే ముందున్నాయి.

"బాగుంది. ఈ అమ్మాయే వస్తూ ఉంటుంది," అన్నారు. మెట్ల దగ్గర మళ్ళీ వెనక్కి తిరిగారు. "ఆ టెస్టు కార్డు జాగ్రత్త అబ్బాయ్. పారేసుకోకు."

ఆయన దిగిపోయాక మాణిక్యం అడిగింది. "ఎందుకు కొట్టారు నా పేరు?"

"నిజం గనక. మీరు రాని రోజు నాకిక్కడ ఏ పనీ సాగదండీ."

ఆమె పంచింగ్ మెషీను ముందు కూర్చుని టకటకా ఏదో కొట్టి, ఆ కార్డు బోర్లించి అతని చేతిలో పెట్టింది.

"మీరు చదవకూడదు. మీ దుబాసీ చేత చదివించండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పున్నయ్య కార్డు మెషీన్లో పెట్టాడు. ప్రింటర్ కదిలింది.

'నాన్న ఇంట్లోనే ఉంటారు. ఆదివారం వచ్చి అడగండి. లేకపోతే'

దాని కింద, తప్పు దొరికినప్పుడు వేయమని అతనే దుబాసీకి నేర్పిన వాక్యం పడింది.

'తప్పు: లేకపోతే తర్వాత ఏమీ లేదు.'

అతను దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. దుబాసీ పట్టుకున్న తప్పుల్లో అతనికి దిద్దబుద్ధి కానిది అదొక్కటే. ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని, మాణిక్యం వాళ్ళ ఊరికి వెళ్ళే కంకిపాడు బస్సెక్కాడు.