గంటల గోరీల దగ్గర రివర్స్ పడలేదు

ఏయ్ బిల్యానా, దమ్ముంటే ఇది నమ్మవే. నమ్మనంటావా, పో, మీ ప్లోవ్‌దివ్‌లో వీధి దీపం కింద కూర్చుని నవ్వుకో. కానీ చివరిదాకా చదివాక నవ్వు. మధ్యలో నవ్వితే బ్లాక్ చేస్తా.

తప్పులుంటే సర్దుకో, గబగబా కొడుతున్నా. కింద వంటింట్లో పెద్ద గోల నడుస్తోంది, ఎప్పుడు పిలుస్తారో తెలీదు.

గంటల గోరీలు గుర్తుందా? వేసవిలో అక్కడ దిగి ఫోటో దిగుతానన్నావు, మా నాన్న నిన్ను తిట్టాడు చూడు... అదే చోటు. స్కీ కొండ నుంచి దిగుతుంటే రోడ్డు పీక నొక్కినట్టు సన్నబడిపోతుంది. శిలువ లేదు, రాయి లేదు. చీకటి పడ్డాక అక్కడ బస్సు డ్రైవరు కూడా రేడియో కట్టేస్తాడు.

ఎందుకో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్తా.

మా తాత వాళ్ళ తాత కాలం. కొత్త సంవత్సరానికి ఊరూరా కుకేరి వేషాలు కట్టి తిరుగుతారు కదా, మేకతోళ్ళూ, కట్టె ముసుగులూ, నడుముకి చెంబులంత గంటలూ, చేతుల్లో కట్టె కత్తులూ. అలా తిరుగుతూ మా ఒసికా దండూ, పక్కూరు దూబెన్ దండూ ఆ సన్నదారిలో ఎదురుపడ్డాయి. పద్ధతేంటంటే, ఒక దండు పక్కకి తప్పుకుని, నడుం వంచి, రెండో దండు కత్తుల కిందనుంచి పోవాలి. అంతే. వంగితే అయిపోయేది.

ఎవరూ వంగలేదు. ఆ కత్తులతోనే కొట్టుకున్నారు.

మావాళ్ళు ముగ్గురు పోయారు, వాళ్ళు నలుగురు. పాదిరి గారు స్మశానంలోకి రానివ్వలేదు. గంటలతో సహా అక్కడే పూడ్చేశారు. అందుకే క్రిస్మస్ నుంచి జనవరి ఆరో తారీఖు నీళ్ళ పండగ దాకా, ఆ పన్నెండు మైల రోజులూ, పొద్దు వాలితే అటు ఎవడూ పోడు.

మా అన్న పోయాడు.

మొన్న మూడో తారీఖు. మా అన్న వెలిన్ గాడూ, వాడి దోస్తు స్పాస్ గాడూ స్కీలకి వెళ్ళారు. స్పాస్‌ది దూబెన్. ఇద్దరూ కార్ఖానా పని నేర్పే బడిలో ఒకే బెంచీ. వీడు వాణ్ణి "దూబెన్ దున్నా" అంటాడు, వాడు వీణ్ణి "ఒసికా మేకా" అంటాడు, ఇద్దరికీ ఒకరు లేకపోతే అన్నం దిగదు.

కారు స్పాస్ వాళ్ళ తాతది. ఎర్రది. మా నాన్నంత వయసు దానికి. పొద్దున కొండ మీద ఆపేటప్పుడే గేరు గర్ర్ మంది, రివర్స్ పడ్డం మానేసింది. సాయంత్రం తీసేటప్పుడు ఆరుగురు కలిసి తోశారంట.

స్పాస్ ఏమన్నాడో తెలుసా? "వెనక్కి తగ్గని కారురా ఇది. నికార్సైన దూబెన్ కారు."

ఐదున్నరకే చీకటి. మంచు తీసే బండి ఒక్క వరసే తీసింది, అటూ ఇటూ మంచు గోడలు, మనిషెత్తు. ఎదురుగా ఏదైనా వస్తే చచ్చామే అనుకుంటూ దిగుతున్నారు.

గోరీల దగ్గరికి వచ్చేసరికి... గంటలు.

"గొర్రెలా?" అన్నాడంట స్పాస్.

"జనవరిలో గొర్రెలేంట్రా?"

లైట్ల వెలుగులో ముగ్గురు. రోడ్డుకి అడ్డంగా. మేకతోళ్ళ మీద మంచు పడి ఉంది, కానీ కరగట్లేదు. ముసుగుల నోట్లోంచి ఆవిరి రావట్లేదు. అంత చలిలో, బిల్యానా! ఊపిరి తీస్తే ఆవిరి రాదూ?

స్పాస్ బ్రేకు తొక్కాడు. ఒకడు కిటికీ దగ్గరికొచ్చి కట్టె కత్తితో అద్దం మీద కొట్టాడు. టక్. టక్.

"ఏ ఊరు?"

అన్న కిటికీ కాస్త దించాడు. "ఒసికా" అన్నాడు.

కత్తి స్పాస్ వైపు తిరిగింది. "వాడు?"

"వాడూ... వాడూ ఒసికానే."

చూశావా, మా అన్నకి బుర్ర ఉంది. అంతటితో పోయేది. ఆ దున్న నోరు మూసుకుని ఉంటే పోయేది!

స్పాస్ ఏం చేశాడు? చావు అద్దం మీద కొడుతుంటే... ఛాతీ విరుచుకుని, "ఎవడ్రా ఒసికా? నాది దూబెన్!" అన్నాడు.

అప్పుడు వెనకనుంచి కూడా గంటలు మోగాయి.

అన్న వెనక్కి చూశాడు. వెనకద్దంలో నలుగురు. మంచు గోడల మధ్య, నింపాదిగా నడిచి వస్తున్నారు.

"వంగు" అన్నాడు ముందున్నవాడు. "లేదా వెనక్కి పో."

వెనక్కి! రివర్స్ లేదు కదే! స్పాస్ గేరు లాగాడు, లాగాడు, చెయ్యి బొబ్బలెక్కేలా లాగాడు. గర్ర్... గర్ర్...

అన్న వైపు తలుపు దానంతటదే తెరుచుకుంది. అన్న చేతిలో కత్తి పెట్టారు. కట్టెదే, కానీ ఇనుముకన్నా బరువంట. "వాడు వంగడు. నువ్వు నరుకు" అన్నారు.

అన్న వద్దనుకున్నాడు. చెయ్యి వినలేదు. చెయ్యి లేస్తోంది... దానంతటదే లేస్తోంది... స్పాస్ మెడ ఎక్కడుందో దానికి తెలుసంట.

స్పాస్ కత్తి వైపు చూళ్ళేదంట. మా అన్న మొహం వైపు చూశాడంట.

"ఎవరికీ చెప్పకురా మేకా" అని గుసగుసగా అని, కారు దిగాడు. నడుం వంచాడు. మా ఒసికా చచ్చినోళ్ళు ముగ్గురి కత్తుల కిందనుంచి పోయాడు.

అన్న చేతిలో ఏమీ లేదు. ముందు దారి ఖాళీ. అన్న స్టీరింగ్ ముందుకి జరిగి బండిని పోనిచ్చాడు, పది గజాల అవతల స్పాస్‌ని ఎక్కించుకున్నాడు. వెనక గంటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవడో ఉమ్మాడు. తర్వాత ఒక గొంతు, చాలా నెమ్మదిగా...

"వంగినోడివి. వంగే ఉండు."

ఇంటికొచ్చి చూస్తే వెనకద్దం మీద ఉమ్ము. గడ్డకట్టి ఉంది. నేనే గోకాను, చెంచాతో.

సరే, ఇక్కడిదాకా బానే ఉందా? ఇప్పుడు అసలు సంగతి.

ఎవరికీ చెప్పకు అన్నాడు కదా స్పాస్. మా అన్న అదే రాత్రి సారాకొట్లో ఊరందరికీ చెప్పాడు. "వందేళ్ళ తర్వాత దూబెన్ వంగింది!" ముసలాళ్ళు ఏడ్చారంట ఆనందంతో. రకియా గ్లాసు మీద గ్లాసు. నాన్న అన్నని భుజాన ఎక్కించుకున్నాడు. పందొమ్మిదేళ్ళ గాడిదని!

నేను తక్కువా? మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని పోయి దూబెన్ బస్టాపు గోడ మీద ఎర్ర రంగుతో రాశా, "వంగారు!" అని. అప్పుడు భలే నవ్వొచ్చింది.

ఆ పొద్దున్నే స్పాస్‌కి నడుం పట్టేసింది. బెణికిందనుకున్నారు. సాయంత్రానికి సగానికి వంగిపోయాడు. డాక్టరు ఎక్స్‌రే బొమ్మలు తీసి, ఎముక బానే ఉందే అన్నాడు. రాత్రంతా వాళ్ళింటి చుట్టూ గంటలు. తెల్లారి చూస్తే మంచు మీద ఒక్క అడుగు లేదు.

ఇవాళ మధ్యాహ్నం అన్న పోయి వాణ్ణి మా ఇంటికి తెచ్చాడు. బిల్యానా... వాడి గడ్డం మోకాళ్ళకి తగులుతోందే. స్ట్రాతో టీ తాగుతున్నాడు. నన్ను చూడాలంటే మొహం పక్కకి తిప్పి, ఒక్క కంటితో చూస్తాడు.

నన్నలా చూసి, "నెదా, రాత బాగుంది. ఎరుపు నాకిష్టమే" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

నానమ్మ వాడి వీపు నిమిరి చెప్పింది. "ఈ నడుం వంచింది దూబెన్ చచ్చినోళ్ళు. వాళ్ళ పరువు తీసింది ఈ పిల్లాడు కాదు, మన నోళ్ళు. రేపు పొద్దున నీళ్ళ పండగ గంట కొట్టేలోపు ఈ ఇంట్లో ప్రతి ఒక్కరూ వాళ్ళకి వంగాలి. ఒక్కరు మిగిలినా వీడు ఇంక లేవడు."

అన్న అప్పుడే వాకిట్లోకి పోయి మంచులో వంగాడు. ఏడుస్తూ. ఏమీ కాలేదు.

నాన్న బల్ల మీద గుద్దాడు. "నా తాతలు చచ్చింది నేను వంగడానికా? ఈ ఇంటి గడపకి దూబెన్ వాడెవడూ..."

స్పాస్ అక్కడే కూర్చుని ఉన్నాడు. నాన్న ఆ మాట పూర్తి చెయ్యలేదు. అలాగని వంగనూ లేదు.

నేనా? నేనైతే వంగనే. ముందే చెప్తున్నా. ఒసికా పిల్లని. ఎవడో వందేళ్ళ కింద చచ్చినోడికి నేనెందుకు వంగాలి? స్పాస్‌కి కావాలంటే క్షమాపణ చెప్తా. ఆ గోడ తుడిచేస్తా. రేపే తుడుస్తా. కానీ వంగడం...

ఆగు.

గంటలు.

కాదులే, మా వీధి పిల్లలేమో, వేషాలు సర్దుకుంటున్నారేమో. కిటికీ దగ్గరికి పోయి చూస్తా, ఉండు.

పిల్లలు కాదు.

నలుగురు. మా గేటు లోపల. కుక్క మొరగట్లేదు, కడుపు నేలకానించి పడుకుంది.

కింద తలుపు తీశారు. ఎవరు తీశారే?? నాన్న గొంతు వినిపిస్తోంది... ఏదో అంటున్నాడు... నాన్న గొంతు కింద నేల దగ్గర్నుంచి వస్తోంది బిల్యానా

నానమ్మ గొంతు కూడా

స్పాస్ అరిచాడు. నొప్పితో కాదు. వాడి గడ్డం మోకాళ్ళని వదిలిందంట, అన్న ఏడుస్తూ నవ్వుతూ అరుస్తున్నాడు, "సగం లేచాడు! సగం లేచాడు!" అని

ఇప్పుడు నన్ను పిలుస్తున్నాడు. నెదా, నువ్వొక్కదానివే మిగిలావు, దిగు దిగు అని. బూట్లు వేసుకోవద్దంట. మెట్ల మీద నిటారుగా రావద్దంట. పైనుంచే వంగి ర