వెనుక గేటు తాళంకప్ప

రాజ్యాలు నిలిచినా కూలినా అది తాళంకప్ప మహిమే. సర్కారు బడి కాపలాదారు ఈ మహాసత్యాన్ని మెడలో తాడుకు కట్టుకు తిరుగుతాడు. అది వెనుక గేటుకున్న ఏకైక తాళంచెవి అని పేరు.

“నా కొలువు నిలబెట్టండయ్యా!” అన్నాడతను అపరాధ పరిశోధకుడి ముందు చేతులు జోడిస్తూ.

నిన్న పదకొండింటికి ఒక ఆకతాయి వెనుక గేటులోంచి చొరబడి, తన తమ్ముణ్ణి దండించాడన్న కక్షతో డ్రిల్లు మాస్టారి కుడిచెయ్యి కర్రతో విరగ్గొట్టాడు. దొరికిపోయి, “గేటు తీసే ఉంది,” అన్నాడు. తాళంచెవి కాపలాదారుది కనుక తప్పూ అతనిదేనని భద్రతా కమిటీ తేల్చింది. ఇవాళ నాలుగింటికి ఉద్వాసన.

పరిశోధకుడు కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న సహాయకుడు మురిసిపోయాడు. గురువుగారు కళ్లు మూస్తే కేసు తేలినట్టే. నిద్రపోయినా అలాగే కనిపిస్తారన్నది వేరే సంగతి.

“గొడవ జరగ్గానే ఏం చేశావు?”

“పెద్ద టీచరమ్మ గదికి పరుగెత్తానయ్యా. లేరు.”

“నీ ముందునుంచే వెళ్లారా?”

“లేదయ్యా. ముందు గేటు దగ్గర వేళలు రాసే పుస్తకం పెట్టి నెల్లాళ్లు. అప్పట్నుంచీ ఒక్కరూ ఆలస్యంగా రాలేదు, ఒక్కరూ ముందుగా పోలేదు!”

“ఆహా, ఏం క్రమశిక్షణ!”

వెనుక గేటు తాళంకప్ప మీద తెల్లటి పొడి. పరిశోధకుడు వేలితో రాసి చూశాడు. సుద్ద.

నాలుగింటికి టీచర్లందరూ సమావేశమయ్యారు.

“మీ తాళాలగుత్తులు బల్లమీద పెట్టండి.”

దొంగకు తేలు కుట్టినట్టయింది అందరికీ. చివరికి డ్రిల్లు మాస్టారే, కుడిచెయ్యి కట్టులో ఉంది కనుక, ఎడమచేత్తో గుత్తి తీశారు. మిగతావారూ తీశారు. మొత్తం పద్నాలుగు తాళంచెవులు, అన్నీ వెనుక గేటువే.

“వేళ రాయించుకోవడం నామోషీ అయి, తలా ఒక దొంగ తాళంచెవి చేయించుకున్నారు. కప్పమీది సుద్ద మీ చేతులదే. నిన్న తాళం వేయకుండా పోయింది మాత్రం, పుస్తకంలో లోపలికి వచ్చి, బయటికి వెళ్లకుండానే మాయమైనవారు.”

పెద్ద టీచరమ్మ తలవంచుకున్నారు. “హడావుడిలో మర్చిపోయానండీ…”

“ఎక్కడికమ్మా అంత హడావుడి?”

“బడుల భద్రత మీద సదస్సుకి.”

“ఆ కర్ర పసిపిల్లల మీద పడి ఉంటే?” పరిశోధకుడు విసుక్కున్నాడు.

కాపలాదారు కొలువు నిలిచింది. పద్నాలుగు తాళంచెవులూ సాక్ష్యంగా రుమాల్లో మూటకట్టి పరిశోధకుడు గంభీరంగా వెనుక గేటువైపు నడిచాడు.

“గురువుగారూ, ముందు గేటు ఇటండీ.”

“బస్సు అటుపక్క ఆగుతుందయ్యా!” అంటూ మూటలోంచి ఒక తాళంచెవి తీశాడాయన.

బస్సు అప్పుడే వచ్చేసింది. గేటుకు తాళం వేయడం ఇద్దరికీ గుర్తు రాలేదు.